రోమ్ ప్లాను తెలుగులోనే రాశాను

మౌంట్ ఆల్బర్ట్ నుంచి మళ్లీ నేనే. తప్పులుంటే పోయినసారిలాగే మొహమాటం లేకుండా చెప్పండి.

వచ్చే మే నెలలో మా అక్కతో కలిసి రోమ్ వెళ్లాలని అనుకుంటున్నాను. ఆరు రోజులు. అక్కకి 73, నాకు 66. తను బందరులో, నేను ఇక్కడ. ఇద్దరం దోహాలో కలుసుకుని అక్కడినుంచి ఒకే విమానం ఎక్కుతాం. ఇక్కడినుంచి దోహాకే దాదాపు 17 గంటలు. అందుకే ముందు నుంచీ శనివారం గుడి పని అయ్యాక మా కొండ ఎక్కుతున్నాను. ఎత్తు 135 మీటర్లే. అయినా దిగేటప్పుడు మోకాళ్లు మాట్లాడతాయి.

ఇంట్లో అందరిదీ ఒకటే సలహా: ప్యాకేజీ తీసుకోండి. ఒక ఏజెంటు పంపిన కాగితంలో తొమ్మిది రోజుల్లో ఏడు దేశాలు ఉన్నాయి. అందులో రోముకి ఒక పూట. ఎందుకంటే, "పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు కదమ్మా, గుంపుతో పోతే నయం" అన్నాడు మా అబ్బాయి. ఆ మాట దగ్గరే నాకు పేచీ వచ్చింది.

అక్క బందరులో తెలుగు మీడియంలో చదువుకుంది. తర్వాత నాన్నకి బదిలీ అయింది, నన్ను ఇంగ్లీషు బడిలో వేశారు. అక్కడ తెలుగు మాట్లాడితే జరిమానా. ఆ బడి వల్ల నేను లోకం తిరిగాను, అక్క తిరగలేదు. అరవై దాటాక నేను ఒత్తులు దిద్దుకుంటుంటే, వాటిని ఫోనులో సరిచేసింది అక్కే. ఇప్పుడు తనని ఒక సామానులా బస్సులో ఎక్కించి దింపాలా? అయినా రోములో ఇంగ్లీషు మాత్రం ఎవరి సొత్తు? కూరగాయల బజారులో నేనూ చేతి సైగలే చెయ్యాలి, తనూ అవే చెయ్యాలి.

అందుకని నా అభిప్రాయం ఇది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు టికెట్ల కన్నా ముందు ప్లాను తెలుగులో రాయండి. చేత్తో రాస్తే ఇంకా మంచిది. వాళ్లు చదవాలి, కొట్టివెయ్యాలి, పక్కన రాయాలి. మా మనవడు "యాప్ ఉంది కదా నానమ్మా" అన్నాడు. చేసి చూశాం. టికెట్టు బుక్ చెయ్యమన్న చోట "పుస్తకం చేయండి" అని వచ్చింది. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇది కొత్త పనేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో ఏ మజిలీలో నీళ్లున్నాయో, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయో తెలుగులో రాసి స్నేహితుడికి పంపారు. ఆయన పుస్తకం నేను మెల్లిగా, వేలు పెట్టి చదువుతున్నాను. మనకి కావలసిందీ అదే: నీళ్లు ఎక్కడ, తిండి ఎక్కడ, కూర్చోవడం ఎక్కడ.

నీళ్లకి రోములో లోటు లేదు. వీధుల్లో ఇనప కుళాయిలు రెండు వేలకు పైగా ఉన్నాయి. ముక్కులాంటి గొట్టం కాబట్టి వాటిని నాసోనీ అంటారు. నీళ్లు తాగొచ్చు, ఉచితం. అక్క కాగితం మీద మొదటి లైను ఇదే రాశాను.

తిండి దగ్గర జాగ్రత్త. మేం శాకాహారులం. పెకొరీనో రొమానో చీజు గొర్రెపాలతో చేస్తారు, ఆ పాలు విరగడానికి గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థం వేస్తారు. పార్మెజాన్‌కీ దూడది అలాగే. కాబట్టి "మాంసం లేకుండా" అంటే సరిపోదు. పిజ్జా మరినారా అడగాలి. అందులో టమాటా, వెల్లుల్లి, నూనె, ఒరెగానో, అంతే. ఆర్టిచోకు అనే మొగ్గని యూదుల పద్ధతిలో నూనెలో వేయించి ఇస్తారు. బజ్జీకి దూరపు చుట్టం అనుకోవచ్చు. నెయ్యి, కోవా మాత్రం మూటకట్టుకు రావద్దని అక్కకి చెప్పాను. బయటినుంచి వచ్చే పాల సరుకుల్ని యూరప్‌లోకి రానివ్వరు. మన ఆక్లాండ్ ఎయిర్‌పోర్టు గుర్తు తెచ్చుకోండి.

ఇటాలియన్ మాటలు తెలుగు లిపిలో రాయడం మొదలుపెట్టాక నాకు భలే సరదా వేసింది. వాళ్ల త మన త. ఒత్తులు కూడా మనలాగే పలుకుతారు. సోనో అంటే "నేను ఉన్నాను", సొన్నో అంటే నిద్ర. కలకీ కల్లకీ తేడా తెలిసిన అక్కకి ఇది ఒక్క రోజు పాఠం. "సెంత్సా ఫొర్మాజ్జో" అని చీజు వద్దని చెప్పడం నాకన్నా తనే బాగా అంటోంది. తెలుగుని తూర్పు ఇటాలియన్ అన్నారని మనం గొప్పలు చెప్పుకుంటాం. ఆ గొప్ప ఎలా ఉన్నా, మన అక్షరాలతో ఇలా పని చేయించుకోవచ్చు.

వీసా సంగతి. నాది న్యూజీలాండ్ పాస్‌పోర్టు, 90 రోజుల వరకు వీసా అక్కర్లేదు. అక్కకి షెంగెన్ వీసా కావాలి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. వేలిముద్రలకి తనే వెళ్లాలి. రద్దు చేసుకోగలిగిన హోటలే తీసుకోండి. కొలోసియం టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి. మన ఇంటిపేర్లు ముందా వెనకా అన్న గొడవ ఇంట్లోనే తేల్చుకోండి.

నాకు బాగా చూడాలనున్నది పాంథియన్. దాదాపు 1900 ఏళ్ల గుడి, 609లో చర్చి అయింది. గోపురం వెడల్పు 43 మీటర్లు, నడినెత్తిన పెద్ద గుండ్రటి కన్నం. వాన లోపలే పడుతుంది, నీళ్లు పోవడానికి నేలలో చిల్లులున్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, చీర కాబట్టి అక్కకి ఇబ్బంది లేదు. కానీ చెప్పులతోనే లోపలికి వెళతారని చెబితే, "గుళ్లోకి చెప్పులేంటే!" అంది. ప్రతి శనివారం చెప్పుల స్టాండు దగ్గర నిలబడేదాన్ని, నేనేం జవాబు చెప్పను?

బందరు వాళ్లకి రోము కొత్తేమీ కాదని కూడా చెప్పాను. మొదటి శతాబ్దపు ఒక గ్రీకు నావికుడి పుస్తకంలో మన తీరానికి మసాలియా అని పేరుంది, అక్కడ సన్నబట్ట బాగా నేస్తారని ఉంది. ఏటా ఐదు కోట్ల సెస్టెర్స్‌లు ఇండియాకి పోతున్నాయని రోములో ప్లినీ అదే శతాబ్దంలో సణిగాడు. "అయితే మన డబ్బు మనం చూసి రావడమే" అంది అక్క.

ఆరు పేజీల ప్లాను ఫోటో తీసి పంపాను. నిన్న తిరిగొచ్చింది. మూడు ఒత్తులు ఎర్ర సిరాతో దిద్దింది. రెండో రోజు మ్యూజియం కొట్టేసి పక్కన "ఇక్కడ కూర్చుంటాను, నువ్వు వెళ్లి రా" అని రాసింది. నాలుగో రోజు కొలోసియం పక్కన ప్రశ్నార్థకం. పాంథియన్ మాత్రం రెండు సార్లు చుట్టి, కింద "వాన పడితే మళ్లీ" అని రాసింది.