ఫోనులో డాక్టరు సరే, మాట్లాడుకునే చోటేదీ?

మానసిక వైద్యం ఇంటికే వచ్చేసిందని సర్కారు చెబుతోంది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ మొదలుపెట్టారు. 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చెయ్యొచ్చు. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ముందు కౌన్సిలరు వింటారు, అవసరమైతే మానసిక డాక్టరుకు కలుపుతారు.

మేం దీన్ని కాదనడం లేదు. ఎర్రగడ్డకో విశాఖ ఆసుపత్రికో పోవాలంటే రోగికీ తోడు మనిషికీ ఇద్దరికీ కూలి పోతుంది. బస్సు చార్జీలకు అప్పు చెయ్యాలి. ఆ గేటు దగ్గర ఎవరన్నా చూస్తే 'పిచ్చోడు' అన్న పేరు ఊరంతా పాకుతుంది. 2020 లాక్‌డౌనులో బస్సులు ఆగినప్పుడు డాక్టరు గొంతు ఫోనులో విని, మందు మానకుండా నిలబడ్డవాళ్లు ఉన్నారు. 12 రాష్ట్రాల్లో 2015-16లో నిమ్హాన్స్ చేసిన సర్వేలో, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని తేలింది. (ఆ పన్నెండులో మన తెలుగు నేల లేదు. మన బాధ లెక్కకు కూడా రాలేదన్నమాట!)

అయితే ఇల్లంటే ఎవరి ఇల్లు? పథకం రాసినవాళ్లకు గదులున్నాయి, గదులకు తలుపులున్నాయి. మన వాడలో ఒకటే గది. అందులోనే అత్తా మామా, మొగుడూ, పిల్లలూ. తాగొచ్చి కొట్టే మొగుడి వల్ల నిద్రపోని ఆడమనిషి, ఆ మొగుడి పక్కనే కూచుని, ఆ మొగుడి ఫోనులోనే ఏం చెప్పుకుంటుంది? "బానే ఉన్నానండీ" అని పెట్టేస్తుంది. లెక్కల్లో మాత్రం అదీ ఒక కాలే. చేను గట్టుకు పోతే సిగ్నలుండదు. సిగ్నలున్న చోట నలుగురుంటారు.

ఇంకో మాట. బడిలోనో పొలంలోనో కులం పేరుతో తిట్టిన తిట్టు మనసును తొలిచేస్తుంటే, మొహం కనపడని గొంతుకు అది చెప్పడానికి నోరు రాదు. చెప్పినా, "ఎక్కువ ఆలోచించకమ్మా, గాలి బాగా పీల్చు" అంటే ఏం లాభం? రోగం ఊపిరిలో లేదు, ఊళ్లో ఉంది.

ఫోను సూది వెయ్యదు, బిళ్ల ఇవ్వదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షను చదవండి, చదివి వినిపించండి. కులం పేరుతో తేడా చూపకూడదని అందులో ఉంది. పేదోడికి కార్డున్నా లేకున్నా వైద్యం ఉచితం. సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పై సర్కారు ఆసుపత్రులన్నిటిలో, నిర్ణయించిన జాబితాలోని మందులు ఎప్పుడూ ఉచితంగా ఉండాలి.

మనం అడగాల్సింది పెద్దదేం కాదు. ప్రతి సబ్ సెంటర్లో తలుపున్న ఒక గది, ఒక ఫోను, బయట చెప్పని ఒక మనిషి. వచ్చే గ్రామసభలో కార్యకర్తలు ఈ మాట లేవదీయాలి. మందుల్లేవంటే ఆ ముక్క కాగితం మీద రాసిమ్మని అడగండి. ఈలోగా వాడలో ఎవరైనా చచ్చిపోతానంటే నవ్వుకుని పోవద్దు. పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసెయ్యండి, పక్కన మనిషిని పడుకోబెట్టండి, 14416కు మీరే ఫోను కలపండి.