నేతపేటకు చేరని చేయూత

పని నేర్పడం యజమాని ధర్మమని 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం శాసించింది. ఆ ధర్మనిర్వహణ భారాన్ని పంచుకోవడం రాజ్యధర్మమని 2016 ఆగస్టులో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం అంగీకరించింది. అభ్యాసకుడికి యజమాని చెల్లించే స్టైపెండ్‌లో నాలుగో వంతును, నెలకు 1500 రూపాయలకు మించకుండా, కేంద్ర ఖజానా భరిస్తుంది. చట్టం ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. పథకం తర్కాన్నీ కాదనలేరు. అయితే నేర్పే స్తోమత లేక, నేర్పకపోతే మనుగడ లేక కొట్టుమిట్టాడుతున్న అతి చిన్న పరిశ్రమకే ఆ సాయం దూరంగా నిలిచిపోయేట్టు నిబంధనలు అల్లినవారు ఉన్నారు, ఆ నిబంధనల్లోనే ఉన్న వెసులుబాటును కూడా వాడుకోకుండా కాలక్షేపం చేసిన అధికారులు ఉన్నారు, తమ హక్కును తాము అడగని సంఘాలు ఉన్నాయి. వీరందరినీ జవాబుదారులను చేయడానికి మహారాష్ట్రలోని సోలాపూర్ తూర్పు పేటలను మించిన సాక్ష్యం అక్కరలేదు.

సాఖర్ పేఠ, భవానీ పేఠ, దాజీ పేఠ, పద్మనగర్, అశోక్ చౌక్... మరాఠీ నేల మీద తెలుగు ఇంటిభాషగా నిలిచిన ఈ వాడలను నిలబెట్టింది కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి తరతరాలుగా తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు. 1877లో పాత మిల్లు వెలిసినా, ఆ తరువాత లక్ష్మీ, విష్ణు, నర్సింగ్‌గిర్జీ మిల్లుల గొట్టాలు లేచినా, వలస వచ్చినవారిలో ఎందరికో తొలి విద్యాలయం మిల్లు కాదు, బంధువుల కార్ఖానా. అక్కడ పిల్లవాడు కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, తెగిన పోగు అతకడం, పడుగు చుట్టిన భీము ఎక్కించడం నేర్చి, ఏ యేటికో మగ్గం పట్టేవాడు. ఆ పద్ధతిని కీర్తించనక్కరలేదు. దానికి గడువు లేదు, పట్టా లేదు. తండ్రి తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కొడుకు కదలడానికీ వీలుండేది కాదు. కానీ ఆ అన్యాయపు చట్రంలోనే విద్య ఒక చేతి నుంచి మరో చేతికి మారింది, జెకార్డ్ చద్దరు దేశమంతటా పడకల మీదికి చేరింది, చేమగ్గం స్థానంలో సాంచె (యంత్రమగ్గం) వచ్చినా నేర్పు తెగిపోలేదు. మహారాష్ట్ర ఉత్పత్తుల్లో భౌగోళిక గుర్తింపును తొలినాళ్లలోనే సంపాదించుకున్న ఘనత సోలాపూర్ చద్దరుది, టెర్రీ టవలుది. పేరును ఎవరూ దొంగిలించకుండా చట్టం కాపు కాస్తున్నది. ఆ పేరు నిలిపే చేతులకు వారసులు ఎక్కడినుంచి వస్తారన్న ప్రశ్న మాత్రం ఏ కార్యాలయం బల్ల మీదా దస్త్రంగా మారలేదు.

మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. కార్ఖానాల్లోని ఆ పాత పద్ధతీ అంతరిస్తున్నది; అది న్యాయమే, అంతరించవలసిందే. దాని స్థానంలో గౌరవప్రదమైన కొత్త పద్ధతిని నెలకొల్పకపోవడమే నేరం. తల్లి బీడీలు చుట్టి, తండ్రి సాంచె ముందు పన్నెండు గంటల షిఫ్టు నిలబడి చదివించిన కుర్రవాడు అదే కార్ఖానాకు రమ్మంటే ఎందుకు వస్తాడు? గజాలకో, కిలోలకో లెక్కగట్టే కూలి తప్ప తండ్రికి ఏ హోదా దక్కిందని? అదే సమయంలో సాంచె కూడా మారుతున్నది. నాడెతో నడిచే మగ్గం చోట ర్యాపియర్ మగ్గం వస్తున్నది, రంధ్రాల అట్టలతో నడిచిన జెకార్డు కంప్యూటర్ ఆదేశాలతో నడుస్తున్నది. టవలు నేయాలంటే నేల పడుగుకు ఒక భీము, కుచ్చు పడుగుకు మరో భీము కావాలి; రెండింటి బిగువూ వేర్వేరు, ఆ తేడాలో పిసరంత పొరపాటు దొర్లినా కుచ్చు ఎత్తుపల్లాలై సరుకు రెండో రకానికి దిగిపోతుంది. పక్కన నిలబడి చూసినంత మాత్రాన పట్టుబడే విద్య కాదిది.

అప్రెంటిస్‌ను పెట్టుకోవడం వల్ల చిన్న యజమానికి ఒరిగేదేమిటన్న ప్రశ్నను ఇక్కడే నిలిపి చూడాలి. తొలి నెలల్లో అతనికి నష్టమే. కొత్త చేతి కింద నూలు వృథా అవుతుంది, సాంచె పదేపదే ఆగుతుంది, మచ్చపడిన గుడ్డను తక్కువ ధరకు తోయవలసి వస్తుంది. ఆ తరువాతి లెక్క వేరు. ఒక కార్మికుడు రాని రోజున షిఫ్టు ఆగిపోదు. పక్క కార్ఖానా నుంచి మనిషిని లాక్కోవడానికి వేలకు వేలు అడ్వాన్సు పోయనక్కరలేదు. తన సాంచెల స్వభావం, తన డిజైన్ల మెలకువ తెలిసిన మనిషి తన దగ్గరే తయారవుతాడు. కొత్త యంత్రం కొనే ధైర్యం యజమానికి వస్తుంది, ఎందుకంటే దాన్ని నడిపేవాడు దొరుకుతాడన్న నమ్మకం ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో విడతలు విడతలుగా జరిగిన అధ్యయనాలు, శిక్షణకాలం ముగిసేలోగానే అభ్యాసకుడి పని విలువ అతనిపై పెట్టిన ఖర్చును సగటున దాటుతున్నదని తేల్చాయి. జర్మనీలో ఆ కాలంలో ఖర్చే అధికమని తేలినా, నేర్చినవాణ్ణి అక్కడే కొలువులో నిలుపుకోవడం ద్వారా సంస్థలు దాన్ని రాబట్టుకుంటున్నాయి. ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్ నుంచి చిన్న సంస్థలు 21 ఏళ్ల వరకు వయసున్న అభ్యాసకులను తీసుకుంటే శిక్షణ వ్యయమంతా ప్రభుత్వమే పెట్టుకుంటున్నది. గ్రాంటు అన్నది యజమానికి వేసే బిచ్చం కాదని, తొలి నెలల నష్టపు వాగును దాటించే వంతెన అని ఈ ఉదాహరణలు గుర్తు చేస్తున్నాయి.

సోలాపూర్‌లో ఆ వాగు మరింత లోతైనది, దానికి కారణం కూలి పద్ధతి. నేసినదానికే కూలి దొరికే చోట, చేయి తిరిగిన నేతకాడు కుర్రవాడికి పని నేర్పడానికి సాంచె వదిలి వచ్చిన ప్రతి గంటా తన సంపాదన నుంచి తెగిపోతుంది. నేర్పమని యజమాని చెప్పగలడు. ఆ గంటలకు కూలి కట్టగలిగినవారు అరుదు. నేర్చుకునేవాడి స్టైపెండ్‌లో వాటా ఇస్తామన్న పథకకర్తలకు నేర్పేవాడి పస్తు కనబడలేదు. ఈ ఒక్క విస్మరణ చాలు, నిబంధనలు రాసినవారు పనిస్థలంలో ఒక్క పూటైనా నిలబడి చూడలేదని నిరూపించడానికి.

ఇక అర్హతల సంగతి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం విధి, 4 నుంచి 29 మంది ఉన్నచోట ఐచ్ఛికం. నలుగురికి లోపు ఉంటే గడపే దాటలేరు. భార్యాభర్తలూ ఒక్క కూలీ కలిసి నాలుగు సాంచెలు నడిపే ఇల్లు ఈ లెక్కలో సంస్థే కాదు. స్టైపెండ్‌ను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. అభ్యాసకుడి ఆకలి దృష్ట్యా అది ఆహ్వానించదగినదే. కానీ 5000 ఉన్న కనీస మొత్తం 6800 అయి, కేంద్రం వాటా మాత్రం 1500 దగ్గరే ఆగితే, చిన్న యజమాని నెలసరి భారం 3750 నుంచి 5300కు ఎగబాకుతుంది. న్యాయమైన పెంపును చిన్నవాడి నెత్తిన రుద్ది చేతులు దులుపుకునే హక్కు ప్రభుత్వానికి లేదు.

ఇదే ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని ప్రారంభించినప్పుడు చేసిన పంపకాన్ని పౌరులంతా పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలి. దేశంలోని 500 అగ్రశ్రేణి కంపెనీల్లో చేరే యువకుడికి నెలకు 5000 నిర్ణయించి, అందులో 4500 రూపాయలను ఖజానాయే చెల్లిస్తానంది. కంపెనీ వాటా 500. వేల కోట్ల టర్నోవరు ఉన్నవారికి పదింట తొమ్మిది వంతులు, రేకుల కప్పు కింద సాంచె నడిపేవాడికి నాలుగింట ఒక వంతు! ఏ ఆర్థిక సూత్రం, ఏ రాజ్యాంగ ఆదర్శం ఈ తారతమ్యాన్ని సమర్థిస్తుందో నైపుణ్యాభివృద్ధి శాఖ, కంపెనీ వ్యవహారాల శాఖ ప్రజలకు వివరించవలసిందే. గురుశిష్య సంప్రదాయాన్ని పోషిస్తామంటూ 2023 సెప్టెంబరులో తెచ్చిన విశ్వకర్మ పథకం 18 వృత్తులను లెక్కించింది. దర్జీ ఉన్నాడు, చేపల వల అల్లేవాడు ఉన్నాడు, నేతగాడు లేడు. 2025 ఆగస్టు నుంచి అమలైన వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన యజమానికి నెలకు 3000 వరకు ఇస్తుంది, తయారీ రంగానికి నాలుగేళ్ల పాటు ఇస్తుంది. కానీ భవిష్యనిధి ఖాతా ఉండాలి, 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా చేర్చుకోవాలి. మహారాష్ట్ర ప్రభుత్వం 2024లో తెచ్చిన ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ్ యోజన స్టైపెండ్ మొత్తాన్ని తానే భరించడం మెచ్చదగినది. అయితే దానికి పన్నెండో తరగతి కనీస అర్హత, మొదట నిర్ణయించిన వ్యవధి ఆరు నెలలు. పదో తరగతితో చదువు ఆపిన బీడీ కార్మికురాలి కొడుకుకు అందులో చోటు లేదు. ఇన్ని తలుపులు పెట్టి, ప్రతి తలుపు ఎత్తునూ నేతపేట భుజానికి అందనంతగా నిర్ణయించడం యాదృచ్ఛికమని నమ్మమంటే ఎలా?

నిజానికి మార్గం అప్రెంటిస్‌ల చట్టంలోనే ఉంది. ఎనిమిదో సెక్షన్ ప్రకారం అనేకమంది యజమానులు తామే కలిసి గానీ, అప్రెంటిస్‌షిప్ సలహాదారు ఆమోదించిన సంస్థ ద్వారా గానీ శిక్షణ ఇవ్వవచ్చు. ఒంటరిగా అప్రెంటిస్‌ను పోషించలేని ఇరవై కార్ఖానాలు కలిసి పదిమందిని తీసుకోవచ్చు. ఒకచోట భీము పని, మరోచోట ర్యాపియర్, ఇంకోచోట ఎలక్ట్రానిక్ జెకార్డు నేర్పవచ్చు. ఒప్పంద పత్రాలు, పోర్టల్ నమోదు, లెక్కల తంటా ఒక్క కార్యాలయమే చూసుకోవచ్చు. ఈ నిబంధనను పేటపేటకూ తీసుకువెళ్లి వివరించడం ఐటీఐ కేంద్రంగా పనిచేసే అప్రెంటిస్‌షిప్ యంత్రాంగం విధి. యంత్రమగ్గాల సేవాకేంద్రం సోలాపూర్‌లోనే ఉంది. యంత్రమగ్గాల యజమానుల యంత్రమాగ్‌ధారక్ సంఘం ఉంది. విద్యాసంస్థలను, మార్కండేయ సహకార ఆసుపత్రిని స్వశక్తితో నిర్మించుకున్న సమాజం ఉంది. ఆసుపత్రినే కట్టుకోగలిగిన ఐకమత్యానికి ఒక ఉమ్మడి శిక్షణ కార్యాలయం అసాధ్యమంటే ఎవరూ విశ్వసించరు. విద్యుత్ రాయితీ కోసం ముంబై మెట్లెక్కే సంఘ నాయకత్వాలు శిక్షణ గ్రాంటును అదే పట్టుదలతో కోరితే తప్పక ఫలితం వచ్చేది.

యజమానుల దోషాన్ని దాచడం మా పని కాదు. కార్మిక చట్టాల పరిధి తప్పించుకోవడానికి ఒకే కప్పు కింది సాంచెలను ఇంటిల్లిపాది పేర్ల మీద చీల్చి చూపే అలవాటు యంత్రమగ్గాల కేంద్రాల్లో పాతది. కార్మికుడి భవిష్యనిధిని ఎగ్గొట్టడానికి వాడిన ఆ కత్తి నేడు యజమాని చేతినే కోస్తున్నది. కాగితం మీద ముగ్గురున్న కార్ఖానాకు ఏ గ్రాంటూ రాదు. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాడు. ఆ ఒక్క వాక్యాన్ని అడ్డం పెట్టుకుని, నేర్పకుండా చౌక కూలిగా వాడుకుని, గడువు తీరగానే బయటికి పంపి మరొకణ్ణి తెచ్చుకునే యజమానికి ప్రజాధనం ఒక్క రూపాయి కూడా అందకూడదు. భద్రత విషయంలో ఏ మినహాయింపూ లేదని కూడా అదే చట్టం చెబుతున్నది: కర్మాగార కార్మికులకు ఉన్న ఆరోగ్య, భద్రత రక్షణలు అప్రెంటిస్‌కూ వర్తిస్తాయి. 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలోని టవళ్ల కర్మాగారంలో యజమాని కుటుంబీకులు, కార్మికులు కలిసి 8 మంది మంటల్లో ప్రాణాలు విడిచాక, తప్పించుకునే దారి లేని షెడ్డులోకి శిక్షణ పేరిట ఒక్క బిడ్డను కూడా పంపడానికి ఈ నగరం ఒప్పుకోరాదు.

2024 జనవరి 19న ప్రధాని స్వయంగా వచ్చి సోలాపూర్ సమీపాన కుంభారి దగ్గర రేనగర్‌లో 15,000 ఇళ్లను అసంఘటిత కార్మికులకు అప్పగించారు. ఎన్నో ఏళ్ల పోరాటం గెలిచిన గూడు అది. ఆ గూటిలో పెరిగే పిల్లలు ఏ పని చేసి బతకాలన్నది గృహనిర్మాణ శాఖ ప్రశ్న కాకపోవచ్చు, కానీ అది ప్రభుత్వం ప్రశ్న.

జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం రెండో దశను 2025-26 వరకే నిర్దేశించారు. తదుపరి రూపకల్పనలో నలుగురి పరిమితి తొలగాలి. పదిమంది లోపు కార్ఖానాలకు కేంద్రం వాటా పెద్ద కంపెనీలకు ఇచ్చినదానికి ఏ మాత్రం తగ్గరాదు. నేర్పే నేతకాడి పోయిన కూలిని గ్రాంటులో భాగంగా అతని ఖాతాకే జమ చేయాలి. నేర్చినవాణ్ణి కొలువులో నిలిపిన యజమానికి మలి విడత, గెంటినవాడికి నిషేధం ఉండాలి. ఢిల్లీ నిర్ణయం కోసం ఆగనక్కరలేని పనులూ ఉన్నాయి: జిల్లా కలెక్టర్ అప్రెంటిస్‌షిప్ సలహాదారును, సేవాకేంద్రాన్ని, యంత్రమాగ్‌ధారక్ సంఘాన్ని, కార్మిక సంఘాలను ఒక్కచోట కూర్చోబెట్టి ఎనిమిదో సెక్షన్ కింద ఉమ్మడి సంస్థను నమోదు చేయించాలి, సోలాపూర్‌లో ఎన్ని సాంచెలున్న కార్ఖానాకు ఈ పథకం కింద ఏటా ఎంత అందిందో, ఎంతమంది అప్రెంటిస్‌లు పట్టా పుచ్చుకుని అక్కడే నిలిచారో, ఆ లెక్కను తెలుగు, మరాఠీ భాషల్లో పేటల కూడళ్లలో గోడలకు అంటించాలి.