గూఢచారాధికారులకు యోగ్యతాచిహ్నము

సైన్యమునందలి గూఢచారశాఖాధికారులకు వారి వృత్తియోగ్యతను దెలుపు ప్రత్యేకచిహ్నము నొసంగుట యుక్తమా యను విషయము విచారింపదగియున్నది. ఱొమ్మున ధరించు లోహపుముక్కకై యింత చర్చ యేల యని కొంద ఱనవచ్చును. కాని యే వృత్తియందైనను గౌరవమునకు గొలబద్ద యెట్టిదో ఆ వృత్తిలోనివారి ప్రయత్నము నట్టిదే యగును. కావున నిది స్వల్పవిషయము గాదు.

అమెరికా సైన్యము 1943లో కాల్బలమువారి నైపుణ్యమునకు ప్రత్యేకచిహ్నము నేర్పఱచెను. దానిని గోరువాడు ఆయుధప్రయోగమునందును, పటము సాయమున దారి గనుగొనుటయందును నేర్పు జూపి, బరువుతో 12 మైళ్లు 3 గంటలలో నడువవలయును. 1965లో వైద్యశాఖవారికిని, 2019లో తక్కిన పెక్కుశాఖలవారికిని అట్టి చిహ్నములు గలిగెను. ఆ దేశపు నౌకాదళము 2010లో గూఢచారాధికారులు మొదలగువారికి వేఱొక చిహ్నమును బ్రవేశపెట్టెను.

ఇట్టి గౌరవమునకు గూఢచారాధికారులు మిక్కిలి యర్హులు. గెలిచిన సేనాని పేరు లోకమెల్ల నెఱుంగును. ముప్పు రాకమునుపే కనిపెట్టినవాని పేరు దస్త్రములలోనే దాగియుండును. వాని విజయము రహస్యము, వాని పొరపాటు బహిరంగము. ఇది మనకు బరాయి విషయము గాదు. 1999 కార్గిలు యుద్ధానంతరము శ్రీ కె. సుబ్రహ్మణ్యముగారి యధ్యక్షతన నేర్పడిన సమీక్షాసంఘము మన గూఢచారవ్యవస్థలోని లోపములను వెల్లడించెను. పిమ్మట 2002లో రక్షణ గూఢచారసంస్థ స్థాపింపబడెను. సంస్థలు పుట్టినంతమాత్రమున జాలదు. వానిలో బనిచేయువారు ఆ విద్యకే జీవితము నంకితము చేయవలయును. చిహ్న మందులకు బ్రోత్సాహము గాగలదు.

అయినను పరీక్ష దేనియం దన్నది ముఖ్యప్రశ్న. నడకను గడియారముతో గొలువవచ్చును. వివేకమును దేనితో గొలుతుము? 1973 అక్టోబరు 1, 3 తేదీలలో ఇజ్రాయేలు దక్షిణ సైనికమండలమునందలి బెంజమిన్ సిమాన్-టోవ్ అను చిన్న యధికారి, ఈజిప్టు సైన్యము సలుపుచున్న విన్యాసములు యుద్ధమునకు దెర గావచ్చునని వ్రాసి పైవారికి సమర్పించెను. ఆ హెచ్చరిక పైకి బోక నిలిచిపోయెను. 6వ తేదీన యుద్ధము వచ్చిపడెను. విచారించిన అగ్రనాత్ సంఘము సైనిక గూఢచారశాఖాధిపతిని బదవినుండి తొలగింపవలెనని చెప్పెను. ఆ పైవారు అనుభవము లేనివారు గారు. తమ నమ్మకమునకు విరుద్ధమగు మాటను విను నోర్పే వారికి గొఱవడెను. 2003 నాటి ఇరాకు యుద్ధమునకు ముందు మారణాయుధములను గూర్చి చేసిన నిర్ణయములు దాదాపన్నియు దప్పులే యని 2005లో అమెరికా విచారణసంఘమును దేల్చెను.

కావున మా సూచన యిది. చిహ్నము సేవాకాలమునుబట్టి గాక పరీక్షనుబట్టి యీయవలయును. అదియు నొకమాఱు పొంది యావజ్జీవము ధరించునది గాక, నిర్ణీతకాలమునకు మరల సంపాదించుకొనవలసినదిగా నుండవలయును. భాషలు, పటములు, యంత్రసాధనముల జ్ఞానముతోపాటు, అధికారి వ్రాసిన యంచనాలను భద్రపఱచి, పిదప జరిగిన సంగతులతో సరిపోల్చి చూడవలయును. అంచనా ఫలించెనా యనుటయే గాక, దాని వెనుకనున్న తర్కము సరియైనదా యనియు నరయవలయును. ముగ్గురు చారుల మాట యేకమైననే నమ్మదగునన్న కౌటిల్యుని నియమములోని జాగరూకత నేటికిని బ్రమాణమే. పైవారితో విభేదించి సకారణముగా వ్రాసినవానికి ఆ వ్రాత దోషము గాక యోగ్యతగా లెక్కింపబడవలయును. రహస్యకార్యములలో నున్నవారికి మాత్రము చిహ్నధారణము ప్రమాదకరము గనుక, వారి యోగ్యతను దస్త్రములలోనే గుర్తింపవలయును.

ఈ కట్టుబాట్లతో నీయబడు చిహ్నమును మేము స్వాగతించుచున్నాము. ఇవి లేక యిచ్చినచో నది దుస్తులకు మఱియొక యలంకారము మాత్రమగును. అలంకారము లోపించినందున ఏ దేశమును నష్టపోలేదు. అప్రియమైన నిజము సకాలమున పైకి జేరనందున నష్టపోయిన దేశములు పెక్కు గలవు.