ఆ నవల మా మనవరాలు చదవవచ్చునా?

గత నెలలో ఏఎస్ రావు నగర్‌లో ఒక ఇంట అఖీఖా విందుకు వెళ్ళాము. భోజనాలయ్యాక ఆ ఇంటి పెద్దావిడ పరదా చాటు నుంచి ఒక తెలుగు పుస్తకం పంపించి, "మౌలానా సాబ్, డిగ్రీ చదివే మా మనవరాలు దీన్ని లైబ్రరీ నుంచి తెచ్చుకున్నది. ఎయిడ్స్ గురించిన నవలట. ఆడపిల్ల చదవదగినదేనా?" అని అడిగారు. చూస్తే సలీం గారి 'కాలుతున్న పూలతోట'. ఆ పుస్తకం మాకు కొత్త కాదు. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

సయ్యద్ సలీం ప్రకాశం జిల్లా వారు. ఆదాయపు పన్ను శాఖలో అధికారిగా పనిచేస్తూ కథలు, నవలలు రాశారు. 'వెండి మేఘం'లో ముస్లిం కుటుంబాల జీవితాన్ని తెలుగు పాఠకుల ముందుంచారు. మన ఇళ్ళ లోపాలు నలుగురి ముందు కనబడినప్పుడు మనసుకు గుచ్చుకుంటుంది. మాకూ కొన్నిచోట్ల గుచ్చుకున్నది. 'మరణకాంక్ష'కు కారుణ్య మరణాన్ని వస్తువుగా తీసుకున్నారు. ఆ విషయంలో మా మాట షరీఅత్ మాటే: ప్రాణం అమానత్, దాన్ని తీసుకునే హక్కు మనకు లేదు. కానీ మంచం పట్టినవాడు చావును ఎందుకు కోరుకుంటాడో తెలియకుండా ఆ మాట చెప్పడం సులభం. ఇక 'కాలుతున్న పూలతోట'కు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మద్రసాలలో ఉర్దూ, అరబీలలోనే పెరిగిన మావంటి వారికి తెలుగు నవలతో చుట్టరికం తక్కువ. ఆ పురస్కారం వార్త చూసిన తరువాతనే ఈ పుస్తకం చదివాము.

చదువుతున్నంతసేపూ ఒక జనాజా మా కళ్ళముందు కదిలింది.

అప్పటికి కొన్నేళ్ళ కిందట మా పరిసరాల్లో ఒక లారీ డ్రైవరు మరణించాడు. ఏ జబ్బుతో పోయాడో మయ్యిత్ ఇంటికి చేరక ముందే వీధిలో పాకిపోయింది. గుసుల్ చేయించే అలవాటున్న వారు ఒక్కొక్కరే ఏదో పని చెప్పి తప్పుకున్నారు. ఏటేటా పిల్లలకు గుసుల్ నియమాలు బోధించే మేము సైతం, తాకకుండా దూరం నుంచి నీరు పోస్తే సరిపోతుందేమోనని మసాయిల్ గ్రంథం తిరగవేశాము. నిజం చెప్పాలంటే మా భయానికి ఫిఖ్హ్ వస్త్రం తొడిగాము. తలుపు వెనుక ఆ ఇంటి ఇల్లాలు అంతా విన్నది. ఆమెకు సాంత్వన చెప్పవలసిన వారు ఈ రోగం ఎక్కడ తగిలిందని ఆరా తీశారు. పరుల గుట్టు వెదకడం మన దీన్‌లో నిషిద్ధమని మిమ్బర్ మీద చెప్పినవారమూ మేమే.

మన దేశంలో హెచ్.ఐ.వి. 1986లోనే బయటపడింది. ఉచిత మందులు 2004 ఏప్రిల్‌లో మొదలైనాయి. తాకితే, కలిసి భుజిస్తే అంటదని వైద్యులు ఎంతగా చెప్పినా మన భయం తగ్గలేదు. రోగుల పట్ల వివక్షను నిషేధిస్తూ 2017లో చట్టం చేయవలసి వచ్చింది. అది మరుసటి ఏడు అమలులోకి వచ్చింది. చట్టం ఆసుపత్రిలో, ఉద్యోగంలో తోడు వస్తుంది. గుసుల్ బల్ల దగ్గర ఎవరు తోడు వస్తారు? సలీం గారి నవల ఆ రోగులను మన చెంత కూర్చోబెడుతుంది. ఆ చోటు మేము ఇవ్వలేదు.

చీకటి విషయాలు కథగా చెప్పడమే తప్పని కొందరు పెద్దలంటారు. యూసుఫ్ (అలైహిస్సలాం) గాథలో అన్నల అసూయ ఉన్నది, పరాయి పురుషుని మోహించిన స్త్రీ ఉన్నది, నిరపరాధికి చెర ఉన్నది. దివ్య ఖుర్ఆన్ వాటిని దాచలేదు. ఎంత హయాతో చెప్పిందో చూడండి! పాపాన్ని రుచి చూపించే పుస్తకాలు బజారులో బోలెడున్నాయి, వాటిని ఇంట్లోకి రానీయవద్దు. బాధితుని దగ్గరకు నడిపించే పుస్తకం వేరు.

పెద్దావిడకు అదే చెప్పాము. "చదవనివ్వండి, ఆపా. వీలైతే మీరూ పక్కన కూర్చుని చదివించుకోండి" అన్నాము. మా కథ కూడా దాచలేదు. పరదా వెనుక నుంచి మనవరాలి గొంతు వినిపించింది: "ఆ రోజు గుసుల్ ఎవరు చేయించారు, హజ్రత్?"

మృతుని తమ్ముడు, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక ముసలాయన. చేతులకు గ్లవుజులు తొడుక్కుని ఇద్దరే చేశారు. మేము గడప దగ్గర నిలబడి నీళ్ళ బకెట్లు అందించాము.