రెండు భాషల ఇల్లు

మానవుల భాషలలో, వర్ణాలలో కనిపించే వైవిధ్యం అల్లాహ్ సూచనలలో ఒకటని దివ్య ఖుర్ఆన్ (అర్ రూమ్ 30:22) బోధిస్తున్నది. మన ఇళ్ళలో నిత్యం వినిపించే రెండు భాషల విలువను నేటి వైద్యశాస్త్రం కూడా గుర్తిస్తున్నది. ఆ పరిశోధన మన హైదరాబాదులోనే జరగడం విశేషం.

డాక్టర్ సువర్ణ అల్లాడి నాడీవైద్య నిపుణురాలు. మెదడులోని కణాలు క్రమంగా క్షీణించి జ్ఞాపకశక్తి, మాట, విచక్షణ సన్నగిల్లే డిమెన్షియా వ్యాధులపై ఆమె దీర్ఘకాలంగా పరిశోధిస్తున్నారు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో పనిచేసి, తరువాత బెంగళూరు నిమ్హాన్స్‌లో ఆచార్యులయ్యారు.

రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు సుమారు నాలుగేళ్ళు ఆలస్యంగా కనిపిస్తున్నాయని 2007లో కెనడా పరిశోధకులు ప్రకటించారు. అయితే అక్కడి ద్విభాషీయులలో అధికులు వలస వచ్చినవారు. ఆ మేలు భాష వలన కలిగిందా, వలస జీవితం వలనా అన్న సందేహం మిగిలింది. హైదరాబాదులో రెండవ భాష వలసతో వచ్చేది కాదు. వీధిలో, బజారులో పుట్టుకతోనే అబ్బుతుంది. అందుకే నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను ఆమె బృందం పరిశీలించి, 2013లో ఫలితాలను ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారికి సగటున 61 ఏళ్ళకు వ్యాధి మొదలు కాగా, రెండు భాషలు వచ్చినవారికి 65 ఏళ్ళు దాటిన తరువాత మొదలైంది. తేడా నాలుగున్నర సంవత్సరాలు. అక్షరజ్ఞానం లేనివారిలో ఆ తేడా ఆరేళ్ళు! అంటే ఈ మేలుకు బడి చదువు కారణం కాదన్నమాట.

మాట్లాడే ప్రతిసారీ మెదడు ఒక భాషను ఎంచుకుని రెండవదాన్ని అదుపులో ఉంచుతుంది. జీవితకాలపు ఈ సాధన వలన మెదడుకు కొంత అదనపు సత్తువ చేకూరుతుందని శాస్త్రవేత్తల భావన. వ్యాధి రాకుండా ఇది ఆపదు, లక్షణాలను వాయిదా వేస్తుంది. ఇతర చోట్ల జరిగిన పరిశోధనలన్నీ ఈ ఫలితాన్ని సమర్థించలేదు. కనుక దీన్ని రక్షరేకుగా భావించరాదు.

అయినా మన కేతేపల్లి వంటి ఊళ్ళ ముస్లిం కుటుంబాలు ఆలోచించవలసిన విషయమిది. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. బడి ముఖం చూడని దాదీ, నానీలు సైతం రెండింటినీ అవలీలగా మాట్లాడతారు. నేడు కొందరు తల్లిదండ్రులు ఇంగ్లీషు మోజులో పిల్లలకు ఉర్దూ మాన్పిస్తున్నారు. మరికొందరు తెలుగును పరాయిదిగా చూస్తున్నారు. ఏ ఒక్కటి పోయినా మన సంపదలో సగం పోయినట్లే. మనవలతో మాట కలవక, పెద్దలు మౌనంగా మూలన కూర్చోవలసిన దుస్థితి కూడా దాపురిస్తుంది.

మరొక బాధ్యత కూడా ఉంది. ఎరిగిన దారిలో తప్పిపోవడం, చేసిన నమాజును చేయలేదనుకోవడం, డబ్బు లెక్క తెలియకపోవడం, అడిగిందే అడగడం వంటివి కనిపిస్తే వయసు మహిమ అని వదిలేయకండి. జిన్ను పట్టిందని తిప్పకండి. వైద్యునికి చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, మానసిక కుంగుబాటు వలన కలిగే మతిమరుపును చికిత్సతో చాలావరకు తగ్గించవచ్చు. రక్తపోటును, చక్కెరవ్యాధిని అదుపులో ఉంచడమూ మెదడుకు రక్షణే. చదువురాని పెద్దలను సైతం తెలుగులోనే పరీక్షించడానికి వీలైన ప్రశ్నావళులు నేడు ఉన్నాయి. భారతీయ భాషలలో వాటిని రూపొందించే కృషిలోనూ డాక్టర్ సువర్ణ ముఖ్యపాత్ర వహించారు.

మతి తప్పినవారి కర్మలను లిఖించే కలం ఎత్తివేయబడుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. అల్లాహ్ మన్నించిన మరపునకు మనం కసురుకోవడం న్యాయమా? వృద్ధులైన తల్లిదండ్రుల ముందు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనరాదని ఖుర్ఆన్ (బనీ ఇస్రాయీల్ 17:23) ఆదేశిస్తున్నది. ఒకే ప్రశ్నను పదోసారి అడిగిన తల్లికి పదోసారీ మృదువుగా బదులివ్వడమే ఆ ఆజ్ఞకు అసలైన పరీక్ష.

నికృష్టమైన వృద్ధాప్యం నుండి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడుకునేవారు. ఆ దుఆను మనమూ అలవరచుకుందాం. మన పెద్దలకు అల్లాహ్ ఆరోగ్యాన్ని, మనకు వారి సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.