కారు అబ్బాయిలది, లెక్కలు అమ్మాయిలవా?

ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లల్ని చేర్పించేటప్పుడు మనం ఏం అడుగుతాం? ఫీజెంత, హాస్టలుందా, క్యాంపస్ సెలక్షన్లకి ఏయే కంపెనీలొస్తాయి... అంతే కదా! వర్క్‌షాపు ఎన్ని గంటలదాకా తెరిచి ఉంటుంది, అందులో ఆడపిల్లలు పని చెయ్యొచ్చా అని అడిగిన తల్లిని నేనింతవరకూ చూడలేదు.

మా పక్క పోర్షన్ వాళ్లమ్మాయి మెకానికల్ మూడో సంవత్సరం చదువుతోంది. పాతికమంది పిల్లలు కలిసి పోటీకోసం చిన్న రేసు కారు తయారుచేస్తున్నారట. "కాలేజీ సగమే ఇస్తానంది పిన్నిగారూ. మిగతాది మేమే తలా పదిహేను వేలు వేసుకోవాలి" అంది. వాళ్లమ్మ ససేమిరా వీల్లేదంది. "దీని తమ్ముడికి కోచింగ్ ఫీజు కట్టాలి. అయినా రాత్రిళ్లు ఆ షెడ్డులో ఆడపిల్లకేం పనండీ?" అని నన్నే న్యాయం చెప్పమంది. ఆవిణ్ణి తప్పుపట్టలేను. పదిహేను వేలంటే ఆ ఇంట్లో నెల గడిచే డబ్బు.

ఇదేదో కుర్రాళ్ల సరదా అనుకునేవాళ్లకోసం కాస్త వివరం చెప్పాలి. ఎగుడుదిగుడు నేలమీద నడిచే బాహా బండ్ల పోటీ అమెరికాలో 1976లో మొదలైంది. ఫార్ములా కార్ల పోటీ ఆ తర్వాత కొన్నేళ్లకి వచ్చింది. మన దేశంలో బాహా 2007లో ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో మొదలైంది. ఫార్ములా భారత్ పోటీ కోయంబత్తూరు కారి ట్రాక్ మీద జరుగుతుంది. ఐఐటీ బొంబాయి పిల్లలైతే తమ ఎలక్ట్రిక్ కారుతో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ దాకా వెళ్లొచ్చారు.

వీటిల్లో వేగంగా నడిపితే గెలిచినట్టు కాదు. అమెరికా ఫార్ములా నిబంధనల ప్రకారం మొత్తం 1000 మార్కులుంటే, అందులో 325 చక్రం తిరగకుండానే వేస్తారు. ఈ పైపు ఎందుకు వాడారు, ఈ బోల్టు ఖరీదెంత, ఇలాంటి కార్లు తయారుచేసి అమ్మాలంటే ఎలా అమ్ముతారు అని న్యాయనిర్ణేతలు నిలబెట్టి అడుగుతారు. నిప్పంటుకుంటే డ్రైవరు బెల్టులన్నీ విప్పుకుని అయిదు సెకన్లలో బయటపడగలగాలి. అది చేసి చూపించాలి కూడా. నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. పొట్టిగా సన్నగా ఉండే ఆడమనిషి దగ్గర్నుంచి భారీ మగమనిషి దాకా అందరికీ ఆ సీటు, పెడల్స్ అమరాలని నిబంధన. అంటే ఆ రూల్సు రాసినవాళ్లు డ్రైవరు ఆడపిల్ల కూడా కావచ్చు అనుకునే రాశారన్నమాట!

మరి మన కాలేజీల్లో? ఆ అమ్మాయిని "నీ వంతు పనేమిటి?" అని అడిగాను. ఖర్చుల పట్టిక రాయడం, స్పాన్సర్లకి ఉత్తరాలు పెట్టడం, స్టేజీ మీద మాట్లాడటం అంది. వెల్డింగ్, గేర్‌బాక్స్, స్టీరింగ్ అబ్బాయిలవి. ఇంట్లో పద్దులు అమ్మ రాస్తే బండి నాన్న నడిపినట్టే ఉంది, చూశారా? లెక్కలు చిన్నపనని నేననను, వాటికీ మార్కులున్నాయి. కానీ రేపు ఇంటర్వ్యూలో "నువ్వేం తయారుచేశావమ్మా?" అని అడిగితే ఆ పిల్ల ఏం చూపించాలి?

అవకాశమిస్తే ఆడపిల్ల ఏం చేస్తుందో మనకి తెలియంది కాదు. మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్లకే చంటిబిడ్డతో వితంతువైంది. 1940లో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరింది. అక్కడే ప్రొఫెసరుగా ఉన్న తండ్రి పప్పు సుబ్బారావుగారు ప్రిన్సిపాల్‌ని ఒప్పించి సీటిప్పించారు. పట్టాలో 'అతడు' అని అచ్చయి ఉంటే కొట్టేసి 'ఆమె' అని చేత్తో దిద్దాల్సి వచ్చింది. తర్వాతి రోజుల్లో ఆవిడ భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల పనిలో పాలుపంచుకున్నారు.

ఇప్పుడు పట్టాలు దిద్దనక్కర్లేదు. ఐఐటీల్లో 2018 నుంచి ఆడపిల్లలకి అదనపు సీట్లే ఇస్తున్నారు. సీటిచ్చారు సరే, సాయంత్రం చీకటి పడకముందే ఆడపిల్లల హాస్టలు గేటు మూసేస్తే వర్క్‌షాపు తాళం ఎవరి చేతిలో ఉన్నట్టు?

ఇక డబ్బు సంగతి. 'తలా ఇంత' అని పంచినప్పుడు ముందుగా రాలిపోయేది ఎవరో వేరే చెప్పాలా? ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివే పిల్లలు, ఆ తర్వాత ఆడపిల్లలు. ఆ రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజుకే గానీ ఇలాంటి ఖర్చులకి రాదు. కొడుకైతే అప్పోసప్పో చేసి ఇచ్చే తండ్రి, కూతురనేసరికి "పెళ్లికి దాస్తే నయం" అంటాడు. కాబట్టి జట్టు పెట్టదలిచిన కాలేజీ దాని ఖర్చు తన బడ్జెట్‌లోనే చూపించాలి. స్పాన్సర్లనీ పాత విద్యార్థులనీ యాజమాన్యమే అడగాలి. పిల్లల జేబుల్లోంచి తీయకూడదు. ల్యాబులో లేతు మిషనే తిరగని కాలేజీకి రేసు కారెందుకని ఒక లెక్చరరుగారు నాతో వాదించారు. ఆ మాట నిజమే. అలాంటిచోట ముందు లేతు బాగుచేయించాలి. కానీ బ్రోచరు అట్టమీద రేసు కారు బొమ్మ వేసుకుని అడ్మిషన్లు నింపుకునే కాలేజీలకి ఆ మాట చెప్పే హక్కు లేదు.

అమ్మాయిలు రాత్రి పనిచేస్తే తోడుగా ఒక మేడమ్, హాస్టలు దాకా వ్యాను ఉండాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. రాత్రి షిఫ్టులు నడిపే కంపెనీలు చేస్తున్నదే.

ఇంకో సంగతి. పోటీ అయిపోయాక ఆ కారు ఏమవుతుంది? టార్పాలిన్ కప్పుకుని షెడ్డులో పడి ఉంటుంది. మన కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లు సైన్సు నమూనాలు వ్యానుల్లో పెట్టుకుని ఊళ్లలోని బడులకి తీసుకెళ్తారు. కేంద్రం 2016లో అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం పెట్టి, ఎంపికైన బడికి 20 లక్షల దాకా ఇచ్చింది. కాలేజీ జట్టుకి డబ్బిచ్చేటప్పుడు కూడా ఒక షరతు పెట్టొచ్చు. ఏడాదికి నాలుగు కస్తూర్బా బాలికల బడులకో, జిల్లా పరిషత్ హైస్కూళ్లకో ఆ కారు వెళ్లాలి. దాంతోపాటు దాన్ని తయారుచేసిన అమ్మాయిలూ వెళ్లాలి. ఎనిమిదో తరగతి పిల్లల చేతికి స్పానరిచ్చి ఒక చక్రం విప్పి మళ్లీ బిగించమనాలి. దీనికయ్యేది లారీ కిరాయి, పాతికమందికి ఒకపూట భోజనం ఖర్చు.