మూడడుగుల క్లెరిక్‌కు చోటివ్వండి

ఒక్కో పాత్ర ధరించి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు కొత్తగా కూర్చునే పిల్లలంతా కత్తివీరుడో మాంత్రికుడో కావాలంటారు. ఆదివారాలు మా ఇంట్లో సాగే ఆటలో నాది మాత్రం హాఫ్లింగ్ అనే పొట్టి జాతికి చెందిన క్లెరిక్, అంటే దైవశక్తితో గాయాలు మాన్పే పూజారి. మూడడుగుల మనిషి, ఒంటిమీద కవచం, చేతిలో గద, మెడలో యోండల్లా దేవత చిహ్నం. మా అమ్మాయి పట్టుబట్టి వాడి భుజానికి వంటసామాను సంచి కూడా తగిలించింది. అది నాకెంతో నచ్చింది.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పుడు హాఫ్లింగ్‌లు యోధులుగానే ఉండాలి, అదీ నాలుగో స్థాయి దాకానే. 2000లో మూడో ఎడిషన్ జాతిని బట్టి పెట్టిన హద్దులన్నీ తీసేసింది. చాలా మంచి పని.

2014 నాటి అయిదో ఎడిషన్‌లో, దాడికి వేసిన ఇరవై ముఖాల పాచిక ఒకటి చూపిస్తే హాఫ్లింగ్ మళ్లీ వేయొచ్చు. భయానికి అంత తేలిగ్గా లొంగడు. తనకన్నా పెద్ద ప్రాణి నిలబడ్డ చోటు గుండా కూడా దూరిపోగలడు. తోటివాడు నేలకొరిగితే రాక్షసుడి కాళ్ల మధ్య నుంచి వెళ్లి, చెయ్యి వేసి బతికించేది వాడే. మా బల్ల దగ్గర పిల్లలు ఊపిరి బిగబట్టేది ఆ క్షణంలోనే.

ఈ ఆట నేర్పే పెద్దలను కోరేదొకటే: పిల్లల చేతికి మొదటి పాత్రగా క్లెరిక్‌ను ఇచ్చి చూడండి.